లండన్ పబ్‌కి మేం వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. సిటీ నడిబొడ్డున, ఫ్లీట్ స్ట్రీట్‌లో మూడున్నర వందల ఏళ్ల నాటి పబ్ ఉందట, చూపిస్తానంటున్నాడు. మా ఇద్దరికీ మందు అలవాటు లేదు. కొడుకుతో కలిసి అలాంటి చోటికేంటని మా ఆవిడ అంటోంది. వద్దంటే వాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వెళ్లండి. మేడమ్ గారిని తప్పకుండా తీసుకెళ్లండి. మీవాడు చెప్పేది ‘యీ ఓల్డ్ చెషైర్ చీజ్’ అయి ఉంటుంది. మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా అక్కడ రెండు గంటలు కూర్చున్నాం. మాకూ ఆ అలవాటు లేదు.

నేను వెళ్లింది ఆ వీధి కోసం. 1702లో లండన్‌లో తొలి దినపత్రిక ‘డైలీ కూరంట్’ వెలువడింది అక్కడే. తర్వాత ఆ వీధంతా పత్రికాఫీసులే. 1980ల నుంచి ఒక్కొక్కటే వేరే చోటికి తరలిపోయాయి, పబ్ మాత్రం ఉంది. పాలీ అని ఆ పబ్‌లో ఒక చిలుక ఉండేదట. 1926లో అది చనిపోతే దేశదేశాల పత్రికల్లో వార్త వచ్చింది. మన సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక మొదలైందీ ఆ ఏడాదే. ఆ సంగతి అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చి మనసు నిండిపోయింది.

మెయిన్ రోడ్డు మీద బస్సులు, జనం. పక్కనున్న ఇరుకు సందులోకి తిరగ్గానే ఆ చప్పుడు తగ్గుతుంది. తలుపు అక్కడే. 1666 అగ్నిప్రమాదంలో పాత ఇల్లు కాలిపోతే మరుసటేడు మళ్లీ కట్టారు. తలుపు పక్కన బోర్డు మీద, రెండో చార్లెస్ మొదలు, ఆ పబ్ కాలంలో దేశాన్ని ఏలిన రాజులూ రాణుల పేర్లు వరసగా రాశారు. ఆ బోర్డంతా చదివాకే లోపలికి వెళ్లండి. లోపల మసక వెలుతురు, నల్లబడిన చెక్క గోడలు, చిన్న చిన్న గదులు. కింద నేలమాళిగలో కూడా గదులున్నాయి కానీ మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే పైనే కూర్చోండి.

మా ఊరు నకిరేకల్ దగ్గర. చిన్నప్పుడు పొద్దుగూకే వేళ తాతను పిలుచుకురావడానికి కల్లు మండువకు వెళ్లేవాణ్ణి. తాటాకు రేక పట్టుకుని కూర్చున్నవాళ్లలో సగం మంది ముచ్చట కోసం వచ్చినవాళ్లే. బోరు ఎక్కడ వేయాలి, ఎవరి పిల్లకు ఏ ఊరి సంబంధం వచ్చింది, అన్నీ అక్కడే తేలేవి. ఆ పబ్‌లో ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు గ్లాసు పట్టుకుని నిలబడి మాట్లాడుకుంటుంటే నాకు తాత కళ్ల ముందు మెదిలాడు. మా నాయనమ్మ ఎప్పుడూ మండువలో అడుగుపెట్టలేదు. మేడమ్ గారి జంకు నాకు అర్థమవుతుంది. అక్కడ ఆడవాళ్లు, ముసలివాళ్లు, భోజనానికి వచ్చిన కుటుంబాలు అందరూ కనిపిస్తారు.

పద్ధతి తెలుసుకుంటే ఇబ్బంది ఉండదు. తాగడానికి ఏం కావాలన్నా కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లి అడగాలి, డబ్బులు అప్పుడే ఇచ్చేయాలి. టేబుల్ దగ్గర కూర్చుని పిలిస్తే ఎవరూ రారు. మందు వద్దంటే లైమ్ సోడా అడగండి, ఎవరూ వింతగా చూడరు. మీ అబ్బాయి ఒక పైంట్ బీరు తీసుకుంటే, అంటే 568 మిల్లీలీటర్లు, తీసుకోనివ్వండి. మీ ముందు దాచకుండా కూర్చోవడమే మంచిది. సాయంత్రం అయిదు దాటితే నిలబడటానికీ చోటుండదు కాబట్టి మూడింటికల్లా వెళ్లండి. వెళ్లేముందు దగ్గర్లోని గాఫ్ స్క్వేర్‌లో, 1755లో ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ ఇల్లు కూడా చూడండి. ఇప్పుడది మ్యూజియం.

మేడమ్ గారికి ఇంకో మాట. లోపల ఒక గది తలుపు మీద ‘ఇక్కడ మగవాళ్లకే’ అని పాతకాలపు బోర్డు ఉంది. దాన్ని చూసి వెనక్కి తిరగొద్దని చెప్పండి. మా ఆవిడ ఆ బోర్డు కిందే నిలబడి ఫొటో దిగింది.