రెండు రోజులు దాటాక ఎమర్జెన్సీ పిల్ పనిచేస్తుందా?

కండోమ్ చిరిగి రెండు రోజులైంది, ఇప్పుడు మాత్ర వేసుకుంటే లాభం ఉందా, తర్వాత పిల్లలు పుట్టడం కష్టమవుతుందా అని అడిగారు. లాభం ఉంది, కానీ ఇవాళే వేసుకోండి. పిల్లల విషయంలో భయం అక్కర్లేదు, ఆ ప్రభావం ఉండదు.

నాకూ ఇదే జరిగింది. ఆ రాత్రంతా క్యాలెండర్ ముందేసుకుని ‘సేఫ్ డేస్’ లెక్కపెడుతూ కూర్చున్నాను. దండగ పని. అండం ఏ రోజు విడుదలవుతుందో తేదీలు చూసి తేల్చలేం. ఈ మాత్ర చేసేది ఆ విడుదలను వెనక్కి జరపడమే. విడుదలైపోయాక పెద్దగా చేయగలిగింది లేదు. అందుకే గంటలు ముఖ్యం. ఇది అబార్షన్ మాత్ర కాదు, అప్పటికే గర్భం వచ్చి ఉంటే దాన్ని ఏమీ చేయదు.

మామూలుగా దొరికేది లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకటే మాత్ర, 72 గంటల్లోపు. గంటలు లెక్కపెట్టాల్సింది కలిసిన సమయం నుంచి, మర్నాడు పొద్దున్నుంచి కాదు. ఆ గడువు దాటితే యులిప్రిస్టల్ అనే మాత్ర 120 గంటల వరకు పనిచేస్తుంది. అన్నిటికంటే గట్టిది 5 రోజుల్లోపు డాక్టరు వేసే కాపర్-టి. బరువు ఎక్కువున్నా, ఫిట్స్‌కో టీబీకో మందులు వాడుతున్నా మాత్ర బలం తగ్గవచ్చు, కాబట్టి డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి.

నేను మాత్ర వేసుకున్న గంటకే వాంతి చేసుకున్నాను. సిగ్గుపడి ఊరుకునేదాన్నే, అక్క తిట్టి ఇంకోటి వేయించింది. రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాల్సిందే.

చాలామంది పొరబడేది ఇక్కడ: ఒక్క మాత్రతో ఆ నెలంతా గడిచిపోతుందనుకుంటారు. అండం విడుదల ఆలస్యమైందంతే, అది తర్వాత జరగొచ్చు. నెలసరి వచ్చేదాకా కండోమ్ మానకండి.

నెలసరి ముందో వెనకో కావచ్చు, మధ్యలో కొద్దిగా రక్తం మరకలు కనపడవచ్చు. నాకు ఆరు రోజులు ఆలస్యమైంది, ఆ ఆరు రోజుల టెన్షన్ అంతా ఇంతా కాదు. వారం దాటినా రాకపోతే టెస్ట్ చేసుకోండి; మాత్ర వేసుకున్న 3 వారాలకు చేస్తే ఫలితం నమ్మొచ్చు. పొత్తికడుపులో విపరీతమైన నొప్పి వస్తే మాత్రం టెస్ట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.