‘బతుకు’ అంటే ప్రాణంతో ఉండటమా, పొట్టపోసుకోవడమా?

రెండూ. ‘జీవితం’ సంస్కృతం నుంచి వచ్చింది కానీ, బతుకు మన ద్రావిడ పదమే. కన్నడంలో దీని తోబుట్టువు ‘బదుకు’. పాత కావ్యాల్లో బ్రదుకు, బ్రతుకు అని కనిపిస్తుంది. వాడుకలో రకారం జారిపోయింది. ఇది క్రియగానూ, నామవాచకంగానూ నడుస్తుంది.

‘యాక్సిడెంటైనా బతికాడు’ అంటే ప్రాణం దక్కిందని. ‘బతకడానికి బొంబాయి పోయారు’ అంటే కూలికో, ఉద్యోగానికో వెళ్లారని. పాలమూరు వలసల గురించి విన్నవాళ్లకి ఈ అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. బతుకుతెరువులో తెరువు అంటే దారి, అంటే జీవనోపాధి.

నాకు ఆసక్తిగా అనిపించేది మూడో అర్థం. ‘బతికి చెడ్డవాళ్లు’ అన్నప్పుడు బతకడమంటే దర్జాగా, కలిగి ఉండటం. నిఘంటువులో జీవించు అన్న అర్థం దగ్గరే ఆగిపోతే ఈ మాట అంతుపట్టదు.