చర్చి వెబ్‌సైట్‌కి డిజైన్ తర్వాత, శనివారం రాత్రి దాన్ని మార్చేది ఎవరు?

విజయనగరంలో మీ సంఘానికి వెబ్‌సైట్ చేయిద్దామనుకుంటున్నామని, కమిటీలో ఒకరు ఏదో పెద్ద అమెరికా చర్చి సైటు చూపించి అచ్చం అలాంటిదే కావాలంటున్నారని, ఏ డిజైన్ బాగుంటుంది, ఏమేం పేజీలు ఉండాలి అని అడిగారు. శ్రీకాకుళంలో మా సంఘం సైటు ఆరేళ్లుగా నేనే చూస్తున్నాను. డిజైన్ సంగతి తర్వాత. ప్రతి శనివారం రాత్రి ఆ సైటు తెరిచి మార్చేది ఎవరో ముందు ఒక కాగితం మీద పేరు రాయండి. ఆ పేరు దొరక్కపోతే సైటు చేయించకండి, వాట్సాప్ గ్రూపు చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2025 ఈస్టర్ వల్ల.

మా సంఘంలో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్తాం. ముందురోజే సమాధులకి సున్నం వేసి పూలు పెట్టి ఉంచుతారు, చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకుంటాం. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది, అయిదింటికి చర్చిలో ఆరాధన పెట్టి తర్వాత తోటకి వెళ్లాం. 2025లో ఏప్రిల్ 20. అప్పటికి ఎండలు ముదిరిపోతాయి, పెద్దవాళ్లు తట్టుకోలేరని, నాలుగింటికే ముందు తోటకి వెళ్లి ఆ తర్వాత చర్చికి వద్దామని సంఘ పెద్దలు నిర్ణయించారు. రెండు ఆదివారాలు ప్రకటించారు, గ్రూపులో పెట్టారు. సైటులో మాత్రం "ఉదయం 5 గంటలకు" అన్న పోయిన ఏటి ఫ్లెక్సీ బొమ్మ అలాగే ఉండిపోయింది. మార్చాల్సింది నేను. మార్చలేదు.

హైదరాబాదులో ఉంటున్న మా సంఘం అమ్మాయి ఒకామె ఉంది. అంతకుముందు ఏడాది వాళ్ల నాన్నగారు ప్రభువునందు నిద్రించారు, అమ్మగారిని తనతో తీసుకెళ్లిపోయింది, ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చేశారు. నాన్న సమాధి దగ్గర మొదటి ఈస్టర్ కదా అని ఒక్కతే బయల్దేరింది. పండుగ తేదీ తెలుసు, టైము మా సైటులో చూసుకుంది. శ్రీకాకుళం స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, తెలిసిందేగా, ఆమదాలవలసలో రైలు దిగి పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఆటోలో వచ్చి, అయిదుకి పది నిమిషాల ముందు చర్చి ముందు దిగితే గేటుకి తాళం. సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. అది మూడేళ్ల కిందట బదిలీ అయిపోయిన పాస్టరు గారి సొంత నంబరు, ఆ టైముకి ఆయన వేరే ఊళ్లో తన సంఘంతో ఉన్నారు, ఎత్తలేదు. పాలు పోసే అబ్బాయి ఒకడు సైకిల్ ఆపి "అందరూ సమాదుల కాడికి ఎల్లిపోనారమ్మా" అని చెప్పాడట.

ఆమె తోటకి వచ్చేసరికి తెల్లారిపోయింది, జనం తిరిగొస్తున్నారు. దారిలో నాకే ఎదురైంది. ఒక చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్, ఇంకా కాగితం కూడా చింపలేదు. రెండో చేతిలో ఫోను, స్క్రీను మీద నేను పెట్టిన బొమ్మ. "అన్నయ్యా, అయిదనే ఉంది కదా" అంది. ఇంకేమీ అనలేదు. ఆమెతో మళ్లీ వెనక్కి వెళ్లాను. గాలికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, మూడోదానికి వెలిగింది, కానీ అప్పటికే ఎండ వచ్చేసింది, ఆ వెలుతుర్లో కొవ్వొత్తి మంట కంటికి కనబడనే లేదు.

ఆ సోమవారమే మొదటి పేజీ మొత్తం తీసేశాను. ఇప్పుడు సైటు తెరవగానే, వేలితో కిందకి జరపక్కర్లేకుండా కనబడేవి మూడే: ఈ వారం ఆరాధన ఎన్నింటికి, ఏ గేటు నుంచి రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఫోనుకి సంఘం పేరుతో విడిగా సిమ్ తీసుకున్నాం, పాస్టరు గారు మారినా నంబరు మారదు. గూగుల్ మ్యాప్‌లో గుర్తు సరిగ్గా గేటు మీద పెట్టించాం, అంతకుముందు అది వెనక వీధిలో చూపించేది.

మీ కమిటీకి నచ్చిన ఆ అమెరికా సైటులో డ్రోన్ వీడియో, పాస్టరు గారి పెద్ద పెద్ద ఫోటోలు ఉండే ఉంటాయి. వాళ్ల ఊరికి అవి సరిపోతాయేమో. మనవాళ్లు చూసేది బస్సులో నిలబడి, రోజు డేటా అయిపోవచ్చిన ఫోనులో. తెరవగానే పాట మోగే సైట్లు ఇప్పటికీ చేస్తున్నారు, దయచేసి అది వద్దని చెప్పండి. ప్రకటనల్ని బొమ్మలుగా పెట్టొద్దు, ఫోనులో అక్షరాలు చీమల్లా ఉంటాయి, చూపు లేనివాళ్లకి ఫోను వాటిని సరిగ్గా చదివి వినిపించలేదు. ఫ్లెక్సీ షాపులవాళ్లు వాడే 'అను' అనే పాత తెలుగు ఫాంట్లో కొట్టిన మేటర్ తెచ్చి సైటులో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, ఫోన్లూ సైట్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి అనే ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది, శీర్షికలకి గిడుగు అనే ఫాంటే ఉంది, రెండూ ఉచితం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే, అయినా మన చర్చి ప్రకటనలు ఇంకా "విచ్చేయవలసినదిగా కోరడమైనది" దగ్గరే ఆగిపోయాయి. బైబిల్ వాక్యం అందులో ఉన్నట్టే రాయండి, టైము మాత్రం మనం మాట్లాడుకునే తెలుగులో రాయండి.

డొమైన్, అంటే సైటు అడ్రసు పేరు, సంఘం మెయిల్ ఐడీ మీదే కొనండి. మా మొదటి డొమైన్ సైటు చేసిన కుర్రాడు తన పేరు మీద కొన్నాడు, బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, రెన్యువల్ తేదీ దాటిపోయింది, ఆ పేరు మాకు మళ్లీ దక్కలేదు.

కానుకల బటన్ గురించి మీరు అడగలేదు, కానీ కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాల్సిందే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. గల్ఫ్‌లో ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న మనవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపేది వస్తుంది. ఆడిటర్‌ని అడక్కుండా ఆ బటన్ పెట్టొద్దు.

బాప్తిస్మం ఫోటోలు అడక్కుండా పెట్టొద్దు. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఉంటారు, వాళ్లు ఎప్పుడు ఎలా చెప్పుకోవాలో వాళ్ల ఇష్టం. సండే స్కూల్ పిల్లల ఫోటోలకి తల్లిదండ్రుల్ని అడగండి.

ఇప్పుడు మా దగ్గర శనివారం కాయిర్ ప్రాక్టీసు అయ్యాక ఇద్దరం కూర్చుంటాం, నేనూ, డిగ్రీ చదివే ఒక చెల్లీ. తను మారుస్తుంది, నేను నా ఫోనులో తెరిచి, పైకి చదివి, గోడ మీద బోర్డుతో సరిచూస్తాను. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంటుంది. పది నిమిషాల పని. మీ కమిటీలో ఆ పది నిమిషాలు ఇచ్చేవాళ్ల పేరు దొరికాక ఇక్కడే రాయండి, అప్పుడు రంగులు, పేజీలు అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం.