ర్యామ్ మార్చాక సిస్టమ్ మొరాయిస్తోందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంట్లో కంప్యూటర్‌కి ర్యామ్ పెంచుకున్నాక వచ్చిన తిప్పల గురించే. మిగతావి వచ్చే సంచికకు ఉంచి వీటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (ఏలూరు నుంచి): మాది ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్, హెచ్310 మదర్‌బోర్డు. 4 జీబీ చాలడం లేదని 8 జీబీ డీడీఆర్4 రకం, 3200 స్పీడ్ ర్యామ్ స్టిక్ కొని రెండో స్లాట్‌లో పెట్టాను. డిస్‌ప్లే రావడం లేదు, బీప్ శబ్దం వస్తోంది. కొత్తది తీసేస్తే మామూలుగానే ఆన్ అవుతోంది. షాపుకి తీసుకెళ్తే వాళ్ల సిస్టమ్‌లో పెట్టి చూపించారు, బాగానే పనిచేసింది. వాపసు తీసుకోం అంటున్నారు. ఇప్పుడు ఏం చేయాలి సర్?

జవాబు: షాపువాళ్లు చెప్పిందీ నిజమే, మీ ఇబ్బందీ నిజమే. ఒక బోర్డులో చక్కగా పనిచేసిన ర్యామ్ ఇంకో బోర్డులో మొండికేయడం మామూలే. తేడా స్టిక్‌లో ఉందా, స్లాట్‌లో ఉందా, లేక రెండు స్టిక్‌లకీ పొసగడం లేదా అన్నది ముందు తేలాలి. అందుకు ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. కంగారులో అన్నీ కలిపి మార్చేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, పాత స్టిక్ తీసేసి, అదే స్లాట్‌లో కొత్తది ఒక్కటే పెట్టండి. చాలామంది ఇక్కడే సగం నొక్కి వదిలేస్తారు, బోర్డు విరిగిపోతుందేమోనని భయం. కింద ఉన్న గాటు స్లాట్‌లోని గట్టుకి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూసుకుని, రెండు చివర్లా రెండు బొటనవేళ్లు పెట్టి సమానంగా నొక్కితే క్లిప్ టక్కున పడుతుంది. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే కదులుతుంది, అప్పుడు రెండోవైపు పైకి లేచి ఉన్నా క్లిప్ పడినట్టే కనిపిస్తుంది. పక్క నుంచి చూడండి, బంగారు రంగు గీతలు ఒకవైపు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా కనిపిస్తే స్టిక్ వాలుగా కూర్చున్నట్టే. ఆ గీతల మీద మురికి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

అయినా రాకపోతే, ప్లగ్ పీకి ఉంచే, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి కాసేపాగి మళ్లీ పెట్టండి. పాత ర్యామ్‌కి తగ్గట్టు బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) గుర్తుపెట్టుకున్న సెట్టింగులు చెరిగిపోతాయి. ఒకసారి టైమ్, తేదీ మళ్లీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది, అంతే. దానితోనూ కాకపోతే పాత స్టిక్ పెట్టుకుని, మీ బోర్డు సరిగ్గా ఏ మోడలో దానికే ఉన్న కొత్త బయోస్‌ని కంపెనీ సైట్ నుంచి తీసుకుని అప్‌డేట్ చేయండి. ఇది మాత్రం యూపీఎస్ మీదే చేయాలి. మధ్యలో కరెంటు పోతే ర్యామ్ సంగతి అటుంచి బోర్డే లేవకుండా పోవచ్చు.

ఇంకో పరీక్ష కూడా మర్చిపోవద్దు. పాత స్టిక్ ఒక్కటే తీసుకుని రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. అదీ ఆన్ కాకపోతే కొత్త ర్యామ్‌ది తప్పు కాకపోవచ్చు. స్లాట్ పాడై ఉండాలి, లేదా ప్రాసెసర్ కింద సాకెట్‌లో పిన్ను వంగి ఉండాలి. ఈమధ్య ఎవరైనా ప్రాసెసర్ తీసి పెట్టి ఉంటే ఆ మాట మెకానిక్‌కి తప్పకుండా చెప్పండి. కూలర్ ఒకవైపు మరీ గట్టిగా బిగించినా ఒక స్లాట్ పనిచేయకపోవడం ఉంటుంది.

విడివిడిగా రెండూ పనిచేసి, కలిపితేనే మొరాయిస్తే ఆ జోడీ కలవదు. నన్నడిగితే 4 జీబీ స్టిక్ పక్కన పెట్టేసి 8 జీబీ ఒక్కదానితో నడిపించుకోండి, డబ్బు కుదిరినప్పుడు అదే మోడల్ ఇంకొకటి తీసుకోండి. స్పీడ్ 3200 అని కొన్నా మీకు 2400 అనే చూపిస్తుంది. మీ ప్రాసెసర్ హద్దు అంతే, మోసపోయానని అనుకోవద్దు.

ప్రశ్న (నల్లగొండ నుంచి): 8 జీబీ పెట్టించాను. బయోస్‌లో 8 కనిపిస్తోంది, విండోస్ 10లో మాత్రం వాడుకోగలిగేది 3 జీబీ చిల్లరే అంటోంది. మిగతాది ఎక్కడికి పోయింది?

జవాబు: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి సిస్టమ్ టైప్ చూడండి. అక్కడ 32 బిట్ అని ఉంటే కారణం అదే, ఇంట్లో వాడే 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు. 64 బిట్ విండోస్ కొత్తగా ఎక్కించుకోవాల్సిందే, ఉన్నదాని మీదే మార్చుకునే దారి లేదు కాబట్టి ముందు ఫోటోలు, కాగితాలు బయటి డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఎలాగూ కొత్తగా ఎక్కిస్తున్నారు కాబట్టి మీ మెషీన్‌కి విండోస్ 11 పడుతుందేమో కూడా చూసుకోండి.

64 బిట్టే ఉండి తక్కువ చూపిస్తే విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల టూల్ తెరిచి, బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చూడండి. అక్కడ మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. స్పీడ్ పెరుగుతుందని వీడియోల్లో చెప్పారని అది పెట్టేస్తుంటారు. దానివల్ల పెరిగేది ఏమీ లేదు, విండోస్‌కి హద్దు గీసినట్టు అవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లలో ఒకటి రెండు జీబీ తగ్గి కనిపిస్తే అది గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టిన భాగం, దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ప్రశ్న (విజయనగరం నుంచి): ర్యామ్ పెంచాక బాగానే ఉంది కానీ రెండు మూడు రోజులకోసారి నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. మెమరీ మేనేజ్‌మెంట్ అని రాస్తోంది. అప్పుడప్పుడే కదా అని వాడుకోవచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి అలా వాడకండి. నీలం స్క్రీన్ కంటికి కనిపించే నష్టం, అసలు నష్టం కనిపించదు. పాడైన ర్యామ్‌తో మీరు ఫోన్ నుంచి పెళ్లి ఫోటోలు కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్లు చెడిపోయి సేవ్ కావచ్చు, సిస్టమ్ ఏమీ అనదు, ఏడాది తర్వాత తెరిస్తే సగం ఫోటో బూడిద రంగులో ఉంటుంది. ఆపాటికి ఫోన్‌లో ఉన్నది తీసేసి ఉంటారు. తేలేదాకా ఆ సిస్టమ్‌లోకి ముఖ్యమైనవేవీ ఎక్కించకండి, మీ దగ్గరున్న పాత బ్యాకప్ మీద కొత్తది రాయకండి.

బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపించే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే ముందు అది ఆపేయండి. ఆగాక సమస్య పోతే ఆ స్పీడ్ మీ సిస్టమ్ తట్టుకోవడం లేదన్నమాట, కాస్త తక్కువ స్పీడ్‌లో హాయిగా నడుస్తుంది. పోకపోతే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితో సిస్టమ్ ఆన్ చేసి రాత్రంతా నడవనివ్వండి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నోస్టిక్ ఉంది కానీ అది తప్పు లేదన్నంత మాత్రాన నమ్మలేం. మెమ్‌టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, స్టిక్‌లు ఒక్కొక్కటిగా పెట్టి మళ్లీ పరీక్షించి, ఎర్రర్ వచ్చినదాన్ని వారంటీలో మార్పించుకోండి. ఎర్రర్లు కనిపిస్తున్న స్క్రీన్‌ని ఫోటో తీసి తీసుకెళ్తే షాపులో వాదన తగ్గుతుంది. స్టిక్ మీద సీరియల్ నంబర్ స్టిక్కర్ మాత్రం పీకకండి.

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి): పాత బోర్డు డీడీఆర్3. డీడీఆర్4 చవగ్గా దొరికింది, పెట్టొచ్చా?

జవాబు: కూర్చోదు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, గాటు కూడా వేరే చోట ఉంటుంది, వోల్టేజీ వేరు. బలవంతంగా నొక్కితే స్లాట్ పోతుంది. డీడీఆర్3 కొనేటప్పుడు కూడా మరీ తక్కువ ధరకి వస్తున్న వాటి వివరాల్లో ఏఎండీ బోర్డులకు మాత్రమే అని ఉందేమో చదవండి, అవి ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. మీకు దగ్గర్లోనే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, పాత స్టిక్ చేత్తో పట్టుకెళ్లి చూపించి, మీ బోర్డులో పనిచేయకపోతే మారుస్తామని బిల్లు మీద రాయించుకుని తీసుకోండి.