డాక్యుమెంటేషన్ మాత్రమే రాసినా ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూషన్ అవుతుందా?

పైథాన్ కొద్దిగా వచ్చు, జాంగోతో చిన్న వెబ్‌సైట్లు చేశాను, కోడ్ పంపే ధైర్యం లేదు, డాక్యుమెంటేషన్ సరిదిద్దితే లెక్కలోకి వస్తుందా అని అడిగారు. తప్పకుండా వస్తుంది. నేను జాంగోకే చాలా కాలంగా చిన్నచిన్న మార్పులు పంపుతున్నాను. అందులో ఎక్కువ భాగం డాక్యుమెంటేషనే.

నిజానికి జాంగోలో కోడ్, డాక్యుమెంటేషన్ వేరు పనులు కావు. కొత్త ఫీచర్ ఏది పంపినా టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తుందో చూసే చిన్న ప్రోగ్రాములు), డాక్యుమెంటేషన్, రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పేవి) దాంతోపాటే రావాలి. అవి లేకపోతే 'నీడ్స్ టెస్ట్స్', 'నీడ్స్ డాక్యుమెంటేషన్' అని టికెట్ (ఒక సమస్య లేదా మార్పు కోసం తెరిచే నమోదు) మీద గుర్తు పెడతారు. జాంగో టికెట్లు దాని కోడ్ ఉండే గిట్‌హబ్‌లో ఉండవు, ట్రాక్ అనే వేరే చోట ఉంటాయి. కొత్తవాళ్లు ముందుగా వెతకాల్సింది ఈ గుర్తులున్న టికెట్లనే అని నా గట్టి అభిప్రాయం. 'ఈజీ పికింగ్స్' (సులువైనవి) అని ఉన్నవాటి మీద అందరూ పడతారు, ఇవి మాత్రం అలాగే ఉండిపోతాయి.

నేను కోడ్ వైపు వచ్చింది కూడా ఆ దారిలోనే. ఎవరో రాసి వదిలేసిన ప్యాచ్ (కోడ్‌లో మార్పు) ఒకటి ఉంది. కోడ్ బాగానే ఉంది, టెస్ట్ లేదు. రాసినవారి నుంచి చాలాకాలంగా కదలిక లేదు. నేను కొనసాగించనా అని టికెట్‌లోనే అడిగి, కొన్నాళ్లు ఆగి తీసుకున్నాను. టెస్ట్ రాసి, ముందు ఆ ప్యాచ్ తీసేసి నడిపాను: ఫెయిల్ అయింది. ప్యాచ్ పెట్టి నడిపితే పాస్ అయింది. ఈ రెండూ చూస్తేనే ఆ టెస్ట్‌కు విలువ. అది రాయడం కోసం క్వెరీసెట్ (డేటాబేస్ నుంచి సమాచారం తెచ్చే జాంగో భాగం) లోపల ఏం జరుగుతుందో లైను లైను చదవాల్సి వచ్చింది. ఏ కోర్సూ నాకు అంత నేర్పలేదు. ఆ మార్పును నమోదు చేసే కమిట్‌లో మొదట రాసినవారి పేరు కూడా ఉంచాను. అది మాత్రం మరవకండి.

అక్షర దోషాల్లాంటివైతే టికెట్ అక్కర్లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును చేర్చుకోమని కోరే అభ్యర్థన) పంపవచ్చు. అంతకు మించినదేదైనా టికెట్ 'యాక్సెప్టెడ్' స్థితికి వచ్చాకే మొదలుపెట్టండి. లేకపోతే వారాల శ్రమ వృథా కావచ్చు. డాక్యుమెంటేషన్ మార్చినప్పుడు, దాన్ని వెబ్ పేజీలుగా మార్చే స్ఫింక్స్‌తో మీ కంప్యూటర్‌లోనే బిల్డ్ చేసి, పేజీ ఎలా వచ్చిందో చూసుకుని పంపండి.

ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడకండి. తెలుగు మీడియంలో చదివిన నేనూ మొదట్లో అలాగే భయపడ్డాను. వాక్యం సరిగా లేకపోతే రివ్యూలో ఇలా మార్చండి అని రాస్తారు, మారిస్తే సరిపోతుంది. జవాబు ఆలస్యమైతే మాత్రం నిరుత్సాహపడొద్దు. డీఎస్ఎఫ్ (జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్) జీతమిచ్చి నియమించిన ఫెలోలు కొద్దిమందే, మిగతా రివ్యూ అంతా వాలంటీర్లే చేస్తారు.

జాంగో అడ్మిన్ పేజీల తెలుగు అనువాదం మీద ఆసక్తి ఉంటే దానికి పుల్ రిక్వెస్ట్ పంపకండి. ఆ పని అనువాదాల వెబ్‌సైట్ ట్రాన్సిఫెక్స్‌లో జరుగుతుంది, అక్కడ తెలుగు బృందంలో చేరాలి.