విమానం కూలడంతో మొదలుపెట్టకు

చిరంజీవికి ఆశీస్సులు.

హెర్బర్ట్ వియానా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బ్రెజిల్ రాక్ గిటారిస్టు జీవితాన్ని తెలుగులో చెప్పాలని పూనుకున్నావు, అది నాకెంతో నచ్చింది. అందుకే దాచకుండా చెబుతున్నాను. మొదటి పేరాలోనే విమానం కూలిపోయింది. 2001 ఫిబ్రవరి 4, మంగరతిబా దగ్గర సముద్రం, భార్య లూసీ మరణం, కోమా, చక్రాల కుర్చీ. ఆ తర్వాత నువ్వేం రాసినా పాఠకుడు జాలిపడుతూనే చదువుతాడు. గిటార్ ఇక వినపడదు.

ఆ రోజుకి ఆయన వయసు 39. ఆ ముప్పై తొమ్మిదేళ్లూ నీ వ్యాసంలో రెండు వాక్యాలయ్యాయి. నిజానికి కథంతా అక్కడే ఉంది. సైనికాధికారి కొడుకు. పుట్టింది జొవావ్ పెస్సోవాలో. రాజధాని బ్రసీలియాలో బీ రిబేరోతో స్నేహం కుదిరింది; తర్వాత బృందంలో బేస్ గిటార్ వాయించింది అతనే. తర్వాత రియోలో, కోపకబానా పేటలోని బీ బామ్మ ఒందీనా ఇంట్లో వీళ్ల బృందం 'ఓస్ పరలామస్ దో సుసెసో' సాధన. ఆవిడ మీద వీళ్లు పాట కూడా కట్టారు. ఒక కచేరీకి డ్రమ్మర్ వితాల్ రాలేదు. అతని చోట కూర్చున్న జొవావ్ బరోనీ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రానివాడి మీద, అతని మోటార్‌సైకిల్ మీద రాసిన పాటే 1983లో ఆ బృందానికి మొదటి గుర్తింపు తెచ్చింది. ఇంత మంచి సరుకు చేతిలో ఉంచుకుని ఆసుపత్రి నుంచి ఎందుకు మొదలుపెట్టావు?

వాయిద్యం గురించి 'అద్భుతం', 'మంత్రముగ్ధం' అని రాశావు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. ఆయన చెయ్యి ఏం చేస్తుందో రాయి. జమైకాలో పుట్టిన రెగే, స్కా బాణీల్లో గిటార్ దెబ్బ తాళం పడ్డచోట పడదు, రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడుతుంది. తీగల్ని చురుగ్గా మీటి, మోగీ మోగకముందే వేళ్లు వదులు చేసి నాదం ఆపేస్తారు. ఉన్నది ముగ్గురే, పైగా పాడేదీ ఆయనే. కాబట్టి గిటార్ ఎక్కడ మౌనంగా ఉండాలో కూడా ఆయనే తేల్చుకోవాలి. ఈ ముక్క చదివాక పాఠకుడు పాట వెతుక్కుని వింటాడు.

1985 జనవరి, 'రాక్ ఇన్ రియో' సంగీతోత్సవం. ఇరవై ఒక్కేళ్ల సైనిక పాలన ముగుస్తున్న రోజులవి. ఆ ఉత్సవం నడుస్తుండగానే జనవరి 15న టాంక్రెదో నెవెస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. అక్కడ తోటి బ్రెజిల్ కళాకారుల మీద కొందరు ప్రేక్షకులు వస్తువులు విసిరారు. హెర్బర్ట్ వేదిక మీంచే మందలించాడు: రాళ్లు విసరడం మాని ఇంట్లో కూర్చుని గిటార్ నేర్చుకోండి, వచ్చేసారి మీరే ఇక్కడ నిలబడొచ్చు అని. అప్పటికాయనకు ఇరవై మూడేళ్లు. మనిషి తెలిసేది ఇక్కడే. దీన్ని నువ్వు వదిలేశావు. మరుసటి ఏడాది 'అలగాదోస్' పాటలో రియోలోని మారే మురికివాడనూ జమైకాలోని ట్రెంచ్‌టౌన్ పేదవాడనూ ఒకే వరుసలో నిలబెట్టాడు. ప్రసిద్ధ బ్రెజిల్ గాయకుడు జిల్బెర్తో జిల్ అందులో గొంతు కలిపాడు.

1994 గురించి ఒక్క మాటైనా లేదు. 'సెవెరినో' ఆల్బమ్‌ను ఇంగ్లండ్ బృందం రాక్సీ మ్యూజిక్ గిటారిస్టు ఫిల్ మంజనేరా నిర్మించాడు, క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయన్ మే వచ్చి ఒక పాటలో వాయించాడు. సొంత దేశంలో మాత్రం అది అంతగా అమ్ముడుపోలేదు. వేలమంది ముందు నిలబడ్డవాడికి అలాంటి ఏడాది ఎలా గడుస్తుంది? జీవితచరిత్ర రాసేవాడు తప్పకుండా ఆగవలసిన చోటు ఇది. విమానం కూలడం ఒక్క రోజులో జరిగింది. జనం పట్టించుకోనప్పుడు కూడా వాయిస్తూ ఉండటం ఆయన చేసిన పని.

ప్రమాదాన్ని తీసెయ్యమనడం లేదు. దాని వరుస వచ్చినప్పుడు, దాని తేదీ దగ్గర, తక్కువ మాటల్లో రాయి. ఆ విమానం నడిపింది ఆయనే. లూసీ ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడ మరణాన్ని ఆయన కష్టాల జాబితాలో ఒక అంశంగా పెట్టకు, ఆవిడకు వేరుగా ఒక వాక్యం ఇవ్వు. 2002లో 'లోంగో కామిన్యో' ఆల్బమ్ వచ్చినప్పుడు 'పునర్జన్మ' అని రాశావు. అందులో చాలా పాటలు ప్రమాదానికి ముందే కట్టినవి. ముందు మొదలైన పనినే, చక్రాల కుర్చీలో కూర్చుని, అదే ఇద్దరు స్నేహితులతో పూర్తి చేశాడు. నా దృష్టిలో అది పునర్జన్మ కంటే పెద్ద విషయం.

వ్యాసమంతా ఒకేసారి తిరగరాయొద్దు. ముందు 'సెవెరినో' ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విని, ఆ ఏడాది గురించి ఒక పేజీ రాసి పంపు. మిగతా సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.