120 మెయిళ్లు పెట్టినా పలకలేదు

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్ అయింది. యూరప్‌లో పీహెచ్‌డీ చేయాలని ఆరు నెలల్లో 120 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఇద్దరు 'ఖాళీ లేదు' అన్నారు, మిగతావాళ్లు పలకనే లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్ష కడితే సీటు ఇప్పిస్తామంటున్నారు. కట్టమంటారా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కట్టకండి. జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్‌లలో ఇంజినీరింగ్ పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమొచ్చే ఉద్యోగం, డబ్బు కట్టి కొనుక్కునే సీటు కాదు. ప్రాజెక్టుకు నిధులు రాగానే ప్రొఫెసర్ ఖాళీ ప్రకటిస్తారు, గడువు పెడతారు, వచ్చిన అప్లికేషన్లలోంచి కొందరిని ఇంటర్వ్యూకి పిలిచి ఎంచుకుంటారు. నిధులు లేనప్పుడు మీరెంత బాగా రాసినా ఆయన చేయగలిగిందేమీ ఉండదు. అందుకే ముందు ప్రకటనలు వెతకండి. నెదర్లాండ్స్‌కి అకడమిక్ ట్రాన్స్‌ఫర్, యూరప్ మొత్తానికి యూరాక్సెస్ అనే వెబ్‌సైట్లు చూడండి. స్వీడన్ వర్సిటీలైతే తమ సైట్లలోనే ఖాళీలు పెడతాయి.

ఇక మీరు జత చేసిన మెయిల్ సంగతి. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలై, 'యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ' మీదుగా సాగి, మెషిన్ లెర్నింగ్, ఐఓటీ, బ్లాక్‌చెయిన్, సైబర్ సెక్యూరిటీ అన్నీ ఇష్టమేనంటూ ముగిసింది. ఎవరికి రాశారో వాళ్ల పేరే లేదు (ఆ 120 మందిలో ఆడవాళ్లకూ 'సర్' అనే వెళ్లి ఉంటుంది!). తెలుగు చేతిరాతను గుర్తించే మీ ఎంటెక్ ప్రాజెక్టు మాత్రం ఎక్కడో సీవీ రెండో పేజీ అడుగున పడి ఉంది. దాన్ని మెయిల్ మొదటి వాక్యంలోకి తెండి. ఆ ప్రొఫెసర్ ఈ మధ్య రాసిన పేపరు ఒక్కటి పూర్తిగా చదివి, ఆ పద్ధతి మీ డేటా మీద నడిపితే ఒత్తుల దగ్గర ఎలా తడబడిందో నాలుగు ముక్కలు రాయండి. అలాంటివి వారానికి రెండు పంపినా ఎక్కువే.

అమెరికా దారి వేరు. అక్కడ ఎక్కువచోట్ల డిపార్ట్‌మెంట్ కమిటీ ఎంపిక చేస్తుంది, గడువులు చాలావరకు డిసెంబరులోనే, మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఫీజు మాఫీ, స్టైపెండ్ లేకుండా అడ్మిషన్ ఇస్తే మాత్రం వద్దనే అంటాను.

మన దగ్గర సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అదనం. ఐఐటీలు ప్రాజెక్టుల కింద తాత్కాలిక రీసెర్చ్ పోస్టులు కూడా ప్రకటిస్తుంటాయి, ఒక ఏడాది అలా పనిచేస్తే మిమ్మల్ని దగ్గరగా చూసిన మనిషి రికమెండేషన్ రాస్తారు. అన్నట్టు, మీ ప్రాజెక్టు లాంటి పనే, అంటే భారతీయ భాషల అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఏళ్లుగా నడుస్తోంది. ప్రవేశానికి పీజీఈఈ అని వాళ్ల సొంత పరీక్ష ఉంది. యూరప్‌లో 120 మందికి రాశారు సరే, కాకినాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఆ ల్యాబ్‌కి ఒక్క మెయిలైనా పెట్టారా?